నల్లబండ మెట్ల మీద తలకొలత

అనగనగా, మనిషికింకా మాటలు రాని రోజుల్లో, నల్లబండ అనే కొండ ఒకటి ఉండేది. ఆ కొండ పగులులోంచి ఒక ఊట సన్నగా కారేది. ఊట కింద రాతి మెట్లు, మెట్టుమెట్టుకీ ఒక గుంట. పై గుంట నిండితే నీరు కింది గుంటకు దిగేది. అదీ నిండితే ఇంకా కిందికి. అన్నిటికీ అడుగున ఒక మడుగు.

ఆ మెట్లు ఎవరూ కట్టినవి కావు. వానలు చెక్కినవి. వానలు బాగా పడినన్నాళ్ళూ ఎవరు ఏ మెట్టు దగ్గర తాగినా ఒకటే.

ఒక ఏడు వాన రాలేదు. ఊట దారంలా సన్నబడింది. పై గుంటలో నీళ్ళుంటే కింది గుంటల్లో తడి మాత్రమే ఉండేది. మెట్ల దగ్గర తోపులాట మొదలైంది.

అడవికి రాణి మందగమన అనే ముసలి ఏనుగు. ఆమె మంత్రి దీర్ఘదర్శి అనే కోతి. రాణి మంత్రిని పిలిచి, "తోసుకుని చచ్చేలా ఉన్నారయ్యా. తాగడానికో వరస పెట్టు" అంది.

"వరస ఎందుకు, న్యాయమే పెడతాను మహారాణీ!" అన్నాడు దీర్ఘదర్శి. "తెలివిగలవాళ్ళు ముందు తాగాలి. తెలివి ఉండేది తలలో. కాబట్టి తలలు కొలుద్దాం. పెద్ద తలకు పై మెట్టు, చిన్న తలకు కింది మెట్టు."

ఇలా వాన చెక్కిన రాయి హోదా అయి కూర్చుంది.

మంత్రి ఒక పొడుగాటి తీగ తెంపుకొచ్చి, తలల చుట్టూ చుట్టి కొలవడం మొదలుపెట్టాడు. రాణి తలకు తీగ చాలక ఇంకో తీగ ముడివెయ్యాల్సి వచ్చింది. తరవాత అడవిదున్న. దాని తరవాత ఎలుగు, ఆ తరవాత పంది. పంది వెనకాల, అయ్యో, మంత్రిగారు!

అందరికంటే కింది మెట్టు సూదిముక్కికి వచ్చింది. సూదిముక్కి ఒక చుంచెలుక. ఆమెకు ముగ్గురు పిల్లలు. మొదటిది అమ్మ తోక దగ్గర కరుచుకుంటే, రెండోది మొదటిదాన్ని, మూడోది రెండోదాన్ని కరుచుకుని, నలుగురూ ఒకే తాడులా నడిచేవారు. చుంచు ఒళ్ళు చిన్నది, ఆకలి పెద్దది. ఒక్క పూట తిండీ నీళ్ళూ లేకపోతే ప్రాణం నిలవదు. రెండు రోజులుగా ఆమెకు పాలు ఇంకిపోతున్నాయి. ఆ సాయంత్రం చివరి పిల్ల పట్టు జారి వెనకబడిపోయింది. అమ్మ వెనక్కి వెళ్ళి నోట కరుచుకుని తెచ్చింది.

కింద ఎండుతున్న మడుగు బురదలోంచి మీసాల తాత చూశాడు. ఆయన ముసలి జెల్ల చేప. చేపకు మెడే లేదు కనక మంత్రి ఆయన తలను కొలవనే లేదు.

"అమ్మాయీ, ఇక్కడ కాస్త తడి ఉంది. పిల్లల్ని ఇలా తీసుకురా" అన్నాడు తాత. తను ఇంకాస్త బురదలోకి జరిగాడు.

మర్నాడు దీర్ఘదర్శి మళ్ళీ సభ పిలిచాడు. పంది వెనకాల నీళ్ళు తాగి ఆయనకు నిద్ర పట్టలేదు.

"నిన్నటి కొలతలో లోపముంది. పెద్ద ఒంటికి పెద్ద తల ఉండడం ఏం గొప్ప? ఒంటితో పోల్చి చూడాలి. తల పొడుగంత తీగ తెంపి, అది ఒంటి మీద ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెడదాం. తక్కువసార్లు పడితే వాళ్ళే తెలివైనవాళ్ళు!"

"నిజం చెప్పు మంత్రీ, పంది వాసన పడలేదు కదూ?" అంది ఎలుగు. అందరూ నవ్వారు. అయినా కొలిచారు. ఏనుగు వెనకబడింది, దున్న వెనకబడింది, పంది మరీ వెనకబడింది. దీర్ఘదర్శి రొమ్ము విరుచుకున్నాడు. చివరగా, నవ్వుకోడానికన్నట్టు, సూదిముక్కిని కొలిచారు.

ఆమె ఒళ్ళు గుప్పెడంత. అందులో తలే బోలెడు. అందరిలోకీ ఆమే గెలిచింది!

కోతి మొహం మరింత ఎర్రబడింది. రాణి మాత్రం తొండం ఎత్తి, "మాటంటే మాటే. రా చుంచెమ్మా, పై మెట్టు నీది" అంది.

నాలుగు ప్రాణుల తాడు ఒక్కొక్క మెట్టే ఎక్కింది. పిల్లలు పై గుంటలో మూతులు పెట్టి తాగారు. చివరి పిల్ల కళ్ళు తెరిచింది. సూదిముక్కి కూడా రెండు గుక్కలు తాగి కిందికి చూసింది. నిన్న తన పిల్లలు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డ చోట, ఇవాళ మీసాల తాత నోరు తెరుచుకుని ఉన్నాడు.

ఏమీ అనకుండా ఉంటే పై మెట్టు ఆమెదే, పిల్లలు బతికిపోతారు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

"మహారాణీ, నా పిల్లల గొంతులు తడిశాయి కాబట్టి నాకూ గొంతు వచ్చింది. ఈ కొలత కూడా తప్పే" అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నా ఒళ్ళు చిన్నది, అందుకే తల పెద్దగా కనిపిస్తోంది. అంతకంటే ఏమీ లేదు. ఒకప్పుడు పగలంతా రాకాసి బల్లులదే రాజ్యం. మా ముత్తవ్వలు చీకట్లో దాక్కుని ముక్కుతో, మీసంతో, చెవితో బతికారు. ఆ భయమే మా బుర్రలకు బడి. ఆ ముత్తవ్వలే మీకూ ముత్తవ్వలు. తరవాత చెట్టెక్కినవాళ్ళకు కళ్ళు పదునెక్కాయి. నేల తవ్వినవాళ్ళకు ముక్కు పదునెక్కింది. ఎవరి బతుకు వాళ్ళ తలను చెక్కింది. ఇందులో పై మెట్టేది, కింది మెట్టేది?"

"ఛీ! నాకూ కంపు చుంచుకూ చుట్టరికమా?" అన్నాడు దీర్ఘదర్శి.

"ఆమెతోనే కాదు, నాతో కూడా చుట్టరికమే నాయనా!" అన్నాడు తాత బురదలోంచి. "వెన్నెముక ఉన్నవాళ్ళందరిదీ ఒకటే ఇల్లు. నా పుర్రెలో ఉన్న గదులే నీ పుర్రెలోనూ ఉన్నాయి. నువ్వో గది పెద్దది చేసుకున్నావు, నేనింకోటి చేసుకున్నాను. మనం మెట్లం కాదు, కొమ్మలం."

మంత్రి ఆ మాట వినిపించుకోలేదు. "విన్నారా! రెండో కొలత తప్పని గెలిచినావిడే ఒప్పుకుంది. ఇక మూడోదే ఖాయం. పచ్చని ఆకుల్లో ఎర్రని పండును దూరాన్నించి ఎవరు చూడగలరో వాళ్ళదే పై మెట్టు."

"నాకు కనిపిస్తోంది, నాకు కనిపిస్తోంది!" అని అరిచింది ఒక చిలక.

"రెక్కలున్నవాళ్ళకు మెట్లతో ఏం పని? పోయి కొమ్మ మీద కూర్చో" అన్నాడు మంత్రి. అలా పై మెట్టు ఆయన సొంతమైంది. వరస పెట్టేవాడు తనను కింద పెట్టుకోడు మరి.

రాణి అయిష్టంగానే తలూపింది. సూదిముక్కి పిల్లలతో మెల్లగా కిందికి దిగింది.

మూడు పొద్దులు తిరక్కుండానే ఊట ఆగిపోయింది.

దీర్ఘదర్శి కొండ కొమ్ముకెక్కి, చెయ్యి నుదుట ఆనించి చూశాడు. "అదిగో నీళ్ళు! తళతళా మెరుస్తున్నాయి! నా వెంట రండి!"

అందరూ వెళ్ళారు. వాళ్ళు నడిచినకొద్దీ మెరుపు వెనక్కి జరిగింది. అది ఎండమావి. చివరికి కాళ్ళు కాలి, నాలుకలు పిడచకట్టి, నల్లబండకే తిరిగివచ్చారు. దీర్ఘదర్శి తల దించుకుని అందరికంటే వెనక నడిచాడు.

మెట్ల దగ్గర, బురద తడితో ప్రాణం నిలుపుకుంటూ, కొందరే మిగిలున్నారు. వెళ్ళే ఓపిక లేని సూదిముక్కీ పిల్లలూ, వెళ్ళే కాళ్ళు లేని మీసాల తాత.

"రాణీ," అన్నాడు తాత. "నాకు ఒళ్ళంతా నాలుకే, చర్మంతో కూడా రుచి తెలుస్తుంది. ఈ మెట్టు కింద బురద చప్పగా లేదు. కొత్త నీటి రుచి తగులుతోంది."

సూదిముక్కి ఆ మెట్టు పగులులో మీసాలు పెట్టింది. లోపల్నించి ఊపిరంత చల్లగాలి. "ఊట చావలేదు. దారి మార్చుకుంది" అంది.

రాణి ముందుకాలు మెల్లగా ఆనించి కళ్ళు మూసుకుంది. ఏనుగు పాదం నేల వణుకును వింటుంది. "అవును, కిందే పారుతోంది. కానీ ఈ అడుగు రాయి లేపితే పై మెట్లన్నీ కూలిపోతాయి."

అందరూ దీర్ఘదర్శి వంక చూశారు. ఆయన ఎండిన పై గుంట వైపు ఒకసారి చూసుకున్నాడు. తరవాత వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, పగుళ్ళలో ఇరుక్కున్న గులకరాళ్ళను వేళ్ళతో ఒక్కొక్కటే పీకసాగాడు. ఆ పని ఇంకెవరి చేతా కాదు. అందుకు వేళ్ళు కావాలి.

రాయి కదిలింది. రాణి తొండం బిగించి లేపింది. మెట్లు ఒకదాని మీద ఒకటి కూలాయి. అడుగునించి నీరు బుడబుడమంటూ పైకొచ్చింది. మీసాల తాత ఒక్కసారి మొప్పలు విప్పి మునిగాడు. అక్కడ ఇక పైనా లేదు, కిందా లేదు. గుండ్రటి చెరువొకటి ఏర్పడింది.

"ఇప్పుడు ముందెవరు తాగాలి? నువ్వే చెప్పు చుంచెమ్మా" అంది రాణి.

"ఎవరికి దాహం ఎక్కువైతే వాళ్ళు," అంది సూదిముక్కి. "మంత్రిగారూ, మీ పెదవులు పగిలాయి. ముందు మీరు తాగండి."

దీర్ఘదర్శి దోసిలి పట్టాడు. కానీ ఆ దోసిలి తన నోటి దగ్గరికి వెళ్ళలేదు. నేల మీదికి, తాడులా నిలబడ్డ పిల్లల ముందుకు దిగింది.

పిల్లలూ, ఆ చెరువు ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలియదు. కథ మాత్రం ఇంకిపోలేదు. తప్పుడు కొలత మనల్ని పై మెట్టు ఎక్కించినా, అది తప్పేనని ఆ మెట్టు మీద నిలబడి చెప్పడమే అసలైన తెలివి.