చెంగలి దులుపుకున్న భయం

అనగనగా వెదురు పొదలు, ఇప్పచెట్లు నిండిన ఒక అడవిలో చెంగలి అనే చుక్కల దుప్పి ఉండేది. ఆ ఏడే దానికి తొలి బిడ్డ పుట్టాడు. వాడి పేరు బుడ్డోడు. వాడంటే తల్లికి ప్రాణం.

ఒకనాడు పొద్దున్నే మంద మేస్తుంటే పొదల్లోంచి చిరుతపులి దూకింది. అమ్మో! ఇంకేముంది! దుప్పుల గుండెలు దడదడ కొట్టుకున్నాయి. చెవులు నిక్కబొడుచుకున్నాయి. కాళ్ళకు ఎక్కడ లేని బలం వచ్చింది. అన్నీ చెంగుచెంగున దూకి పారిపోయాయి. చిరుత పంజా బుడ్డోడి తోకను రాసుకుంటూ పోయింది. వెంట్రుకవాసిలో బతికాడు పిల్లాడు.

చిరుత వెళ్ళిపోయాక దుప్పులన్నీ ఓ చోట చేరాయి. చెవి నుంచి తోక దాకా ఒళ్ళంతా గడగడ వణికించి గట్టిగా దులుపుకున్నాయి. "హమ్మయ్య!" అనుకుని మళ్ళీ మేతలో పడ్డాయి. అది ఆ మంద ఆనవాయితీ.

చెంగలికి మాత్రం ఒళ్ళు మండింది. "సిగ్గులేకపోతే సరి! ఇప్పుడే కదా చావు తప్పింది. అప్పుడే మీ గొంతులో గడ్డి ఎలా దిగుతోంది? నేను మాత్రం ఇక రెప్ప వాల్చను. నా బిడ్డను నేనే కాచుకుంటాను" అంది.

అన్నంత పనీ చేసింది. ఎండుటాకు రాలితే "చిరుతే!" అని గెంతింది. వడ్రంగిపిట్ట చెట్టును టకటకా పొడిస్తే "చిరుతే!" అని గెంతింది. చెట్టు మీది కొండముచ్చు తుమ్మితే "చిరుతే!" అంటూ వెళ్ళి ముళ్ళకంపలో పడింది.

"ఓసి పిచ్చిదానా! నా తుమ్ముకు కూడా పంజా ఉంటుందటే?" అని కొండముచ్చు పొట్ట పట్టుకుని నవ్వింది.

నవ్వితే నవ్వనీ అనుకుంది చెంగలి. తిండి మానేసింది. నిద్ర మానేసింది. గుండె దడ మాత్రం ఆగనే లేదు. రోజులు గడిచేకొద్దీ పక్కటెముకలు బయటపడ్డాయి. ఓ మధ్యాహ్నం బుడ్డోడు పొదుగు కుమ్మి కుమ్మి ఏడుపు మొదలెట్టాడు.

"అమ్మా, ఆకలే! పాలు రావట్లేదే!"

చెంగలి గుండె చెరువైపోయింది. మందలో అందరికంటే పెద్దదైన నీలవ్వ దగ్గరకు ఏడుస్తూ పరుగెత్తింది. "అవ్వా, వాణ్ణి చిరుత నుంచి కాచాను. ఆకలి నుంచి ఎలా కాచను? నా బిడ్డ నాకు దక్కేట్టు లేడు!"

నీలవ్వ దాని మెడ నాకింది. "ఓ మాట చెబుతా, విను తల్లీ. మన ముత్తవ్వల ముత్తవ్వల కాలంలో కొన్ని దుప్పులకు భయమంటే ఏంటో తెలియదు. పులి ఎదురొచ్చినా చూస్తూ నిలబడ్డాయి. దాని కడుపులోకి పోయాయి. ఇంకొన్నిటికి భయం తప్ప మరోటి తెలియదు. పులి లేనప్పుడూ వణుకుతూనే ఉన్నాయి. వాటికి పాలు ఎండిపోయాయి, పిల్లలు మిగల్లేదు. మరికొన్ని పులి వచ్చినప్పుడు హడలిపోయి పరుగెత్తాయి, అది పోగానే దులుపుకుని మేశాయి. వాటి పిల్లలు బతికారు. ఆ పిల్లలకు పిల్లలు పుట్టారు. ఆ సంతానమే మనం. ఈ గుండె దడ వాళ్ళిచ్చిందే. దాన్ని దించుకునే గుణమూ వాళ్ళిచ్చిందే. ఒకటి పుచ్చుకుని రెండోది వద్దంటావేంటే?"

"నేను కళ్ళు మూస్తే వాణ్ణి ఎవరు చూస్తారవ్వా?"

"మేమంతా చచ్చామా? మా ముక్కులున్నాయి. చెట్టు మీద ఆ కొండముచ్చు కళ్ళున్నాయి."

చెంగలి బిడ్డ వంక చూసింది. భయాన్ని వదలాలంటేనే దానికి భయమేసింది. అయినా కళ్ళు గట్టిగా మూసుకుని ఒళ్ళు విదిల్చింది. మళ్ళీ విదిల్చింది. లోపల బిగుసుకుపోయిందేదో సడలింది. అంతే, నకనకా ఆకలేసింది! కడుపారా మేసింది. ఒళ్ళు మరిచి నిద్రపోయింది. కొన్నాళ్ళకు ఒంటికి నిగారింపు వచ్చింది, పొదుగు నిండింది.

అప్పుడొచ్చింది మళ్ళీ ఆ చిరుత! "ఖక్! ఖక్!" అని కొండముచ్చు కేక పెట్టింది. మంద చెల్లాచెదురైంది. బుడ్డోడు పెద్దవాళ్ళంత వేగంగా పరుగెత్తలేడు కదా, పొడుగాటి గడ్డిలో ఊపిరి బిగబట్టి కదలకుండా పడుకున్నాడు. చిరుత వాసన పట్టి అటే అడుగులేసింది.

చెంగలి గుండె మళ్ళీ దడదడలాడింది. ఈసారి ఆ దడ కాళ్ళలోకి పరుగులా దిగింది. ఒక్క గెంతులో చిరుత ముందుకొచ్చి నిలబడింది. "నీకూ మచ్చలే, నాకూ మచ్చలే! ఎవరి కాళ్ళు గొప్పో తేల్చుకుందాం రా!" అని తుర్రుమంది.

చిరుత వెంటపడింది. చెంగలి పడిపోయిన మద్దిచెట్టును దాటింది. రాళ్ళగుట్టను దాటింది. గలగల పారే వాగును ఒక్క దూకులో దాటేసింది! చిరుత ఒడ్డున చతికిలబడి నాలుక వేలాడేసింది. "మొన్న పొదల చాటు నుంచి చూసినప్పుడు ఎముకల గూడు కదా ఇది! ఇంత సత్తువ ఎక్కడిదీ?" అని రొప్పుతూ, కాళ్ళీడ్చుకుంటూ అడవి దాటి పోయింది.

కొండముచ్చు చెట్టు మీద గంతులేసింది. "శభాష్ చెంగలీ! పరుగంటే నీదే!" అని అరిచింది. నీలవ్వ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చెంగలి చుట్టు తిరిగి గడ్డి దగ్గరకొచ్చింది. బుడ్డోడు తల పైకెత్తాడు.

"అమ్మా, నేను కదలనే లేదు, చూశావా?"

"చూశాన్రా నా రాజా! నువ్వూ గెలిచావు, నేనూ గెలిచాను. రా, పాలు తాగు."

వాడు పరుగున వచ్చి, మూతి నిండా నురగ కట్టేలా తాగాడు.

నీతి: ఆపద వచ్చినప్పుడు భయం మనల్ని కాపాడుతుంది. ఆపద పోయాక దాన్ని దించుకున్నవాళ్ళకే మళ్ళీ పరుగెత్తే బలం ఉంటుంది.