మాంత్రికుడి పెరట్లో కోళ్ళు

చాలా చాలా కాలం కిందట, మబ్బులు కొండలకు ఆనుకుని కునుకు తీసే చోట, రత్నశేఖరుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వజ్రుడు, నడిమివాడు మరకతుడు, చిన్నవాడు ఇంద్రనీలుడు. వజ్రుడికి బలం ఎక్కువ. మరకతుడికి తెలివి ఎక్కువ. ఇంద్రనీలుడికి భయం ఎక్కువ. పడుకునే ముందు తలుపు గడియ పడిందో లేదో చూసొచ్చేవాడు. పడుకున్నాక లేచి మళ్ళీ చూసొచ్చేవాడు. అన్నలు నవ్వితే, "సరే, ఇక చూడను" అనేవాడు. వాళ్ళ కళ్ళు మూతపడగానే ఇంకోసారి చూసొచ్చేవాడు.

ఆ రాజ్యానికి ఒక పీడ ఉండేది. ఏడు సముద్రాల అవతల మంచుకొండ మీద శీతకంటకుడనే మాంత్రికుడు ఉండేవాడు. పంట చేతికొచ్చే వేళకు వాడు కొండ కొమ్మున నిలబడి ఉఫ్ అని ఊదేవాడు. ఆ చలిగాలి ఏడు సముద్రాలూ దాటి వచ్చి పైరు మీద పడేది. కంకులన్నీ నల్లబడిపోయేవి. ఊళ్ళన్నీ పస్తులుండేవి.

వాడి ప్రాణం ఎక్కడో దాచాడనీ, అది దొరికితే వాడు చెప్పుచేతల్లో ఉంటాడనీ పెద్దలు చెప్పారు. వజ్రుడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. మరకతుడు వెళ్ళాడు. తిరిగి రాలేదు.

"ఇక నేను వెళ్తాను, అన్నయ్యల్ని తీసుకొస్తాను" అన్నాడు ఇంద్రనీలుడు.

రాణి జాగ్రత్తలు మొదలుపెట్టింది. "చెవులకు గుడ్డ కట్టుకో నాయనా. తడి బట్టలతో ఉండకు. ఆకలి లేదని మానెయ్యకు. అన్నలు కనబడితే ముందు వాళ్ళు తిన్నారో లేదో అడుగు. పోట్లాట తర్వాత." గుర్రం వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ చెబుతూనే ఉంది.

ఇంద్రనీలుడు మొదటి సముద్రం చూసి భయపడ్డాడు, దాటాడు. రెండో సముద్రం చూసి భయపడ్డాడు, దాటాడు. అలా ఏడింటినీ భయపడుతూనే దాటి మంచుకొండ ఎక్కాడు.

మాంత్రికుడి ఇంటి దగ్గర పుర్రెల గుట్టలు ఉంటాయనుకున్నాడు. లేవు. పెరడు నిండా కోళ్ళున్నాయి. పందేలకు పుట్టినట్టు మెడలు నిక్కించిన ఎర్రటి డేగ పుంజులు, ముక్కు నుంచి గోళ్ళ దాకా నల్లగా ఉన్న కాకి పెట్టలు, కాళ్ళకు లాగులు తొడుక్కున్నట్టు ఈకలున్న బొద్దు కోళ్ళు, మెడ మీద ఒక్క ఈకా లేని పెట్ట ఒకటి. ఒక్కోటీ ఒక్కో దేశపు కోడి. అన్నీ ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి.

కంచె అవతల కంబళి కప్పుకుని కూర్చున్న ముసలాయన, "నా ప్రాణం కోసమేగా వచ్చావు?" అన్నాడు.

"అవును తాతా."

"తాతా అనకు. చిలకలో ఉందనుకున్నావు."

"అందరూ అలాగే చెప్పారు."

"అదే వచ్చిన చిక్కు. ప్రతి రాజకుమారుడూ తిన్నగా చిలక దగ్గరికే వస్తున్నాడు. అందుకే ఈ వేసవిలో తీసి ఒక కోడిలో పెట్టాను. అంతకుముందు నేను రాళ్ళు చేసి పడేసిన వాళ్ళందర్నీ కోళ్ళు చేసి దాని చుట్టూ వదిలాను. గుర్తు పట్టకుండా అన్నింటికీ మాట కట్టేశాను, గుడ్డు కట్టేశాను. అన్నీ ఒకేలా తింటాయి, ఒకేలా గీరుతాయి."

ఇంద్రనీలుడు కోళ్ళ వంక చూశాడు. "మరి మా అన్నలు?"

"పెద్దవాడు వస్తూనే బంగారు మెడ పుంజును చూపించాడు. కాదు. నడిమివాడు నా చూపు ఎటు పోతోందో కనిపెట్టి తెల్ల పెట్టను చూపించాడు. నేను చూసింది దాని మీద వాలిన ఈగని. ఇద్దరూ ఇందులోనే ఉన్నారు."

"తిన్నారా?" అన్నాడు ఇంద్రనీలుడు.

మాంత్రికుణ్ణి ఆ మాట ఎవరూ అడిగి ఉండరు. కంబళి సర్దుకుని, గొంతు గట్టి చేసుకున్నాడు. "విను. చలికాలం వస్తోంది. నేను పెరట్లో అడుగు పెడితే నా ఒంటి చలికే కోళ్ళు కొయ్యబారిపోతాయి. పనివాళ్ళెవరూ నిలవరు. అందుకని నువ్వు మూడు పనులు చెయ్యాలి. ఒకటి, వీటిని పొడుచుకోకుండా ఒక్క మంద చెయ్యి. రెండు, చలికి తట్టుకునే గూడు కట్టు. మూడు, తొలి మంచు పడ్డ రోజున నా ప్రాణం ఉన్న కోడిని పట్టుకుని చూపించు. సరిగ్గా చూపిస్తే నువ్వేం చెబితే అది చేస్తాను. తప్పు చూపిస్తే నువ్వూ రెక్కలు కొట్టుకుంటూ వాటిలో తిరుగు. ఈలోగా ఒక్క కోడి చచ్చినా నువ్వు రాయివి."

ఇంద్రనీలుడు పెరట్లోకి వెళ్ళాడు. అన్నలు ఏ పుంజులో తెలియదు. అందుకని పుంజులన్నింటినీ అన్నయ్యా అనే పిలిచాడు. గింజలు ఒకచోట చల్లితే పెద్ద కొట్లాట అయింది. నాలుగు మూలలా చల్లాడు, కొట్లాట నాలుగు మూలలకు పాకింది. డేగ పుంజొకటి అతని కాలు ముక్కుతో పట్టుకుని రక్తం కారేదాకా వదల్లేదు.

"అది మీ అన్నయ్యే అయ్యుంటుంది" అంది ఒక గొంతు.

కంచె మీద ముంగిస కూర్చుని ఉంది. ఇంద్రనీలుడు కర్ర తీశాడు.

"కర్ర దించు అబ్బాయ్. మాయకోళ్ళు నాకు సయించవు. తిన్నాక కడుపులో ఏడుస్తాయి. నువ్వేం చేస్తావో చూద్దామని వచ్చాను. ఈ కొండ మీద చూడ్డానికి ఇంకేం లేదు."

ఇంద్రనీలుడు ఆలోచించాడు. కొత్త కోడల్ని ఇంట్లోకి తెచ్చినప్పుడు ఏ అత్తగారూ మొదటి రోజే అందరి మధ్యా కూర్చోబెట్టదు. ముందు కళ్ళు అలవాటు పడాలి. అందుకని పోట్లాట పుంజుల్ని ఒక్కోదాన్ని వెదురు గంప కింద మూసి మంద మధ్యలో పెట్టాడు. గంప సందుల్లోంచి అవి మందను చూస్తాయి, మంద వాటిని చూస్తుంది, ముక్కులు మాత్రం అందవు. తోటకూర కట్టలు ఎగిరితేనే అందేంత ఎత్తున వేలాడగట్టాడు. వాటిని అందుకునే పనిలో పడి కోళ్ళు పొడుచుకోవడం మరిచాయి. ఆపైన చీకటిపడే వేళ, కోళ్ళ కళ్ళు మసకబారగానే, గంపలెత్తి పుంజుల్ని మందతోపాటు కర్ర మీద కూర్చోబెట్టాడు. తెల్లారి లేచేసరికి పక్కన ఉన్నది ఎప్పటినుంచో ఉన్నట్టే అనుకున్నాయి. మెడ మీద ఈకల్లేని పెట్ట మాత్రం, ఎక్కించిన ప్రతిసారీ అతని బొటనవేలు పొడిచేది. పాపం దానికి చలి ఎక్కువని ఉన్నిగుడ్డ కడితే పీకి పారేసేది. అతను మళ్ళీ కట్టేవాడు.

మొదటి పని అయింది.

రెండో పనికి ఇంద్రనీలుడు కొండ దిగి కర్రలు తెచ్చాడు, మట్టి తెచ్చాడు, ఊక తెచ్చాడు. కింద జానెడు మందాన ఊక పరిచాడు. కోడి కూర్చుంటే పొట్ట ఈకలు కాలి వేళ్ళను కప్పేలా, సన్న కర్రలు తీసేసి వెడల్పు పలకలు వేశాడు. పుంజుల తల మీది ఎర్రటి జుట్లు చలికి మాడకుండా ఆముదం రాశాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత భయం మొదలైంది. గోడలో సందు కనబడితే మట్టి మెత్తాడు. చూరు కింద వెలుతురు కనబడితే గడ్డి కుక్కాడు. గడ్డి మీద మట్టి, మట్టి మీద గోనె. చివరికి తలుపుకు కూడా కంబళి బిగించి, ఇక లోపలికి చలిగాలి తల దూర్చలేదని సంతోషపడ్డాడు.

పొద్దున తలుపు తీస్తే గోడల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఊక తడిసింది. పలకల మీద సన్నగా మంచు పేరింది. ఆముదం రాసిన జుట్ల కొసలు కూడా నల్లబడుతున్నాయి. ఒక కాకి పెట్ట ముక్కు తెరిచి గురగురమంటోంది.

ఇంద్రనీలుడు కింద కూలబడ్డాడు. "సందు లేకుండా మూశానే. ఇంకా చలి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"చలి రాలేదు, తడి వచ్చింది" అంది ముంగిస. "ఇన్ని నోళ్ళ ఆవిరి, ఇన్ని రెట్టల చెమ్మ, ఎక్కడికి పోతుంది? చలి వేస్తే కోడి ఈకలు ఉబ్బించుకుంటుంది. తడిస్తే ఏం చేస్తుంది? నువ్వు చలిని బయట పెట్టలేదబ్బాయ్, కోళ్ళ ఊపిరిని లోపల మూశావు."

అతను లేచి, చూరు కింద, కోళ్ళ తలల కన్నా ఎత్తున, తాను కుక్కిన గడ్డి అంతా పీకేశాడు. కింద గోడ అలాగే ఉంచాడు. ఆ సాయంత్రం పైనుంచి ఈల వేస్తూ గాలి వెళ్తుంటే అతని చేతులు గడ్డి కోసం తడుముకున్నాయి. లోపల అన్నలున్నారు, పైన గూడు తెరిచి ఉంది. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు చూరు కింది నుంచి తెల్లగా, పొగలాగా, కోళ్ళ ఆవిరి బయటికి పోవడం కనబడింది. అది చూస్తూ ఉంటే చేతులు నెమ్మదించాయి. మర్నాడు గోడలు పొడిగా ఉన్నాయి. కాకి పెట్ట గురక తగ్గింది.

రెండో పనీ అయింది.

ఇక మూడోది. ఇంద్రనీలుడు రోజూ ఒక్కో కోడిని ఒళ్ళోకి తీసుకుని కళ్ళు చూశాడు, నాలుక చూశాడు, గుండె మీద చెయ్యి పెట్టి చూశాడు. అన్నీ ఒకేలా కొట్టుకున్నాయి. ఇంతలో ఇంకో బెంగ వచ్చిపడింది. మందలో ఒక చిన్న మైల పెట్ట ఉండేది. బూడిద రంగు, ఎర్రమచ్చలు, ఎవరూ రెండోసారి చూడని కోడి. దాని ఈకలు రాలడం మొదలైంది. ముందు మెడ దగ్గర, తర్వాత వీపు మీద, తర్వాత తోక మొత్తం. చివరికి సగం పీకిన కోడిలా ఒక మూల నక్కింది.

ఇది చస్తే నేను రాయినే, అనుకున్నాడు. ఎండ తగిలే చోట గంప కింద పెట్టాడు. ఎండు చేపల పొడి, నువ్వుల చెక్క నానబెట్టి తినిపించాడు. కొన్నాళ్ళకు దాని ఒంటి మీద ముళ్ళలాగా కొత్త ఈకల మొనలు పొడుచుకొచ్చాయి.

"జబ్బు కాదు. పాత ఈకలు రాల్చి చలికాలానికి కొత్తవి వేసుకుంటోంది" అని ఊపిరి పీల్చుకున్నాడు. వాళ్ళ ఇంటి పెరట్లో కోళ్ళు కూడా ఏటా ఈ రోజుల్లో ఇలాగే అయ్యేవి. ఊడ్చినకొద్దీ ఈకలే.

ఊడ్చినకొద్దీ ఈకలే. మరి ఈ పెరట్లో?

అతను లేచి గూడంతా వెదికాడు. ఊక తిరగేశాడు. పలకల కింద చూశాడు. బంగారు మెడ ఈక ఒక్కటీ లేదు. నల్ల ఈక లేదు, తెల్ల ఈక లేదు. పెరడంతా కలిపి రాలినవి బూడిద రంగు ఈకలే.

"అంత మంద ఉంది, ఒక్కదానికే ఈకలెందుకు రాలతాయి?" అన్నాడు ముంగిసతో.

"నన్నడుగుతావేం? నాకు ఈకలున్నాయా?"

"మిగతావన్నీ మనుషులకు వేసిన మాయ తొడుగులు. తొడుగు మాసిపోదు, రాలదు. నిజంగా కోడిగా పుట్టిందే ఈక రాల్చాలి. ఈయన నోరు కట్టాడు, గుడ్డు కట్టాడు. కోళ్ళను ఎప్పుడూ పెంచలేదు కాబట్టి ఈకల సంగతి తెలియదు."

ఆ మధ్యాహ్నం నుంచి కంచె అవతల మాంత్రికుడు అటూ ఇటూ తిరగడం ఇంద్రనీలుడు గమనించాడు. "అన్నీ బాగున్నాయా?" అని అడిగేవాడు. కాసేపాగి, "ఆ గంప కింద ఏముంది?" అనేవాడు. మళ్ళీ కాసేపాగి, "నాకేం లేదు, ఊరికే అడిగాను" అనేవాడు.

తొలి మంచు పట్టపగలే పడింది. మాంత్రికుడు కంచె దగ్గర నిలబడి, "ఏదీ, పట్టుకో" అన్నాడు. బంగారు మెడ పుంజు ఎదురుగా వచ్చి నిలబడింది. తెల్ల పెట్ట కాళ్ళ మధ్య తిరిగింది. తప్పితే అమ్మకు ముగ్గురూ లేనట్టే. వంగి, గంప ఎత్తి, సగం ఈకల మైల పెట్టను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

మాంత్రికుడి కంబళి జారిపోయింది. "మెల్లిగా," అన్నాడు, "మెల్లిగా పట్టుకో. కొత్త ఈకలు నొక్కితే నొప్పి పుడుతుంది."

"నాకు తెలుసు తాతా" అన్నాడు ఇంద్రనీలుడు.

"మెడ విరిచేస్తావా?"

"ఇన్నాళ్ళూ నా చేత్తో తినిపించాను. ఎలా విరుస్తాను? వీళ్ళందర్నీ మనుషుల్ని చెయ్యి. ఇక మా పైర్ల మీద ఊదకు. ఇది మా ఇంట్లో పెరుగుతుంది."

మాంత్రికుడు చెయ్యి ఊపాడు. పెరడు నిండా మనుషులు లేచారు, ఒక్కో దేశం వాళ్ళు ఒక్కో భాషలో తమ చేతులు చూసుకుని మాట్లాడుతున్నారు. వజ్రుడు తన తల తడుముకుని, "ఒరేయ్, ఆముదం కంపు ఎప్పటికి పోతుందిరా?" అన్నాడు. మరకతుడు తమ్ముణ్ణి వాటేసుకున్నాడు.

మెడ మీద ఈకల్లేని పెట్ట నిలబడ్డ చోట ఒక అమ్మాయి నిలబడి ఉంది. అందరిలాగే మాంత్రికుడి ప్రాణం వెదుకుతూ వచ్చి చిక్కుకున్న, దక్షిణాన ఇసుకదీవుల రాజు కూతురు, మంజిష్ఠ ఆమె పేరు. మెడలో ఇంకా ఉన్నిగుడ్డ ఉంది.

"ఇది రోజూ కట్టింది నువ్వేగా?" అంది. "దురద."

"చలి వేస్తుందని."

"వేసింది. అయినా దురదే." గుడ్డ విప్పబోయి, ఎందుకో విప్పలేదు.

వాళ్ళ పెళ్ళి ఘనంగా జరిగింది. మళ్ళీ మనుషులైన వాళ్ళంతా తమ తమ దేశాల నుంచి వచ్చి ఒకే బంతిలో కూర్చుని తిన్నారు. వంటవాళ్ళకు కోడికూర వండొద్దని ముందే చెప్పారు. ముంగిస పీట మీద కూర్చుని పాయసం తాగింది. అన్నలిద్దరూ ఒప్పుకుని ఇంద్రనీలుణ్ణే రాజును చేశారు. అతను చాలాకాలం, అందరూ కడుపునిండా తినేలా, రాజ్యం ఏలాడు. మైల పెట్ట రాజుగారి పెరట్లో తిరిగేది. కోడి అన్నేళ్ళు బతుకుతుందా అని అడగకండి. మాంత్రికుడి ప్రాణం ఉన్న కోడి కదా.

ఏటా చలికాలం ముందు శీతకంటకుడు ఏడు సముద్రాలూ దాటి వచ్చేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు. కంచె బయటే నిలబడి, గూడు పైన తెరిచి ఉందో లేదో చూసేవాడు, పెట్ట గింజలు ఏరుకోవడం చూసేవాడు. తన ఊపిరి చలి ఎక్కడ దానికి తగులుతుందోనని, చూసినంతసేపూ పైపంచె నోటికి గట్టిగా అడ్డం పెట్టుకునేవాడు. అతని వెనకాలే, కనుచూపు మేర, వరి పండి పసుపుపచ్చగా ఒరిగి ఉండేది.