మోకాలెత్తు

సినిమాల్లో ఫైట్లు కట్టే తవిటినాయుడు ఒక నిశ్శబ్దం కోసం బెంగపెట్టుకున్నాడు.

అది ఒక సినిమా మొదటి భాగం విడుదలైన రోజు హాల్లో విన్నది. తెర మీద హీరో చెల్లెల్ని కాపాడుకోవడానికి జూటుమిల్లు గోడ ఎక్కి, దూకే ముందు ఒక్క క్షణం కిందకి చూశాడు. జనమంతా ఊపిరి బిగబట్టారు. వేరుశనక్కాయలు నమిలేవాళ్ళు నమలడం ఆపేశారు. ఆ ఫైటు కట్టింది గురువు అప్పలసూరి మాస్టారు. తవిటినాయుడు అప్పట్లో ఆయన పక్కన నిలబడి పని నేర్చుకుంటున్న శిష్యుడు.

రెండో భాగానికి మాస్టారి మోకాళ్ళు సహకరించలేదు. పని శిష్యుడి చేతికొచ్చింది. పిండి కొద్దీ రొట్టె అంటారు కదా, నిర్మాత పిండి బస్తాలకొద్దీ పోశాడు. తవిటినాయుడు హీరోకి తాళ్ళు కట్టి అచ్చంగా నేల విడిచి సాము చేయించాడు. పదంతస్తుల మేడ మీంచి దూకించాడు. ఈలలు బాగానే పడ్డాయి. ఆ ఈలల మధ్యే ముందు వరసలో ఒకాయన తీరిగ్గా ఆవలించాడు. ఆ ఆవలింత గుర్తొస్తే తవిటినాయుడికి ఇప్పటికీ నిద్రపట్టదు.

సోమవారం మూడో భాగం మొదలు. ఈసారీ అంతే అయితే తన పని మీద తనకే నమ్మకం పోతుంది. శనివారం సాయంత్రం భీమిలిలో మాస్టారి ఇంటికి వెళ్ళాడు.

వసారాలో అరుగు మీద కూర్చుని అంతా చెప్పుకొచ్చాడు. ఈసారి హెలికాప్టరు ఉంది, ఓడరేవులో క్రేను ఉంది, దాని కొసనుంచి దూకడం ఉంది. మాస్టారు ఊ కొడుతూ విన్నారు.

"ఆ నిశ్శబ్దం మళ్ళీ వినాలనుంది గురువుగారూ. చచ్చేలోగా ఒక్కసారి. ఇంకెంత ఎత్తు పెంచమంటారు?"

మాస్టారు లేచారు. లోపల్నుంచి ఒక చెక్క స్టూలు ఈడ్చుకొచ్చి బల్బు కింద వేశారు. దాని కాలొకటి పొట్టి.

"బల్బు మార్చాల్రా."

"ఉండండి, నేనెక్కుతాను."

"నువ్వెక్కితే సూడ్డానికేటుంది? నువ్వు పడవు కదా. అక్కడే కూకో."

గురువు మాట. తవిటినాయుడు కూర్చున్నాడు.

మాస్టారు స్తంభం పట్టుకుని ఒక కాలు పైన పెట్టారు. రెండోది పెట్టడానికి చాలాసేపు పట్టింది. ఒకప్పుడు కర్ర పట్టి తిరిగితే ఆయన ఎక్కడున్నారో కంటికి ఆనేది కాదు. ఇప్పుడు నడుం నిలబెట్టి, మెల్లగా స్తంభం వదిలేశారు. స్టూలు టక్కుమని ఒరిగి, మళ్ళీ టక్కుమని నిలబడింది. పిక్కలు వణుకుతున్నాయి. ఆయన ఒక్క క్షణం కిందకి చూశారు.

తవిటినాయుడికి వీధిలో ఆటో చప్పుడు వినబడలేదు. సముద్రం వినబడలేదు. తన ఊపిరే తనకు వినబడలేదు.

మరుక్షణం ఒక్క అంగలో వెళ్ళి మాస్టారి కాళ్ళు రెండూ వాటేసుకున్నాడు.

"ఎంతెత్తురా?" పైనుంచి అడిగారు మాస్టారు.

తవిటినాయుడు స్టూలు వంక చూశాడు. "మోకాలెత్తు గురువుగారూ."

ఇన్నేళ్ళుగా దేనికోసం అలమటించాడో అది ఇప్పుడే ఈ వసారాలో వినబడింది. తల పైకెత్తి చూశాడు. మాస్టారి చేతిలో కొత్త బల్బేమీ లేదు. పాతది నిక్షేపంలా వెలుగుతోంది.

మాస్టారి అరచెయ్యి వచ్చి శిష్యుడి తల మీద ఆనింది.

"దింపు నాయనా," అన్నారు. "నాకూ భయమేస్తంది."