మాచమ్మ వేసిన పీట

వెనకటికి ఒక రాజు ఏటి అవతలి శత్రువు కోటను కూల్చాలని రాళ్లు విసిరే పెద్ద యంత్రం చేయించాడు. యంత్రానికీ కోటకూ మధ్య ఒక పల్లె ఉంది. "రాయి పల్లె నడినెత్తిదాకా పైకి లేచి, అక్కణ్ణించి వంపు తిరిగి కోట మీద పడుతుంది" అని ఆస్థాన గణకుడు నరహరి భట్టు లెక్క కట్టాడు. మొదటి రాయి పల్లెలోనే పడింది. దాని కింద మాచమ్మ మొగుడు పోయాడు.

"గాలి అడ్డొచ్చింది ప్రభూ, రేపు లెక్క తప్పదు," అన్నాడు భట్టు. ఊరు ఖాళీ అయితే సైన్యం బెదురుతుందని, ఎవరూ ఇల్లు కదలకూడదని రాజు దండోరా వేయించాడు.

మర్నాడు పొద్దున్నే మాచమ్మ రాజు డేరా దగ్గరికి వెళ్లింది.

"అయ్యవారూ, రాయి మా నెత్తిమీదుగా దాటిపోవడం ఖాయమేనా?" అని భట్టును అడిగింది.

"ముమ్మాటికీ ఖాయమే."

"అయితే ఆ వేడుక కింద నుంచే చూడాలి. మా వాకిట్లో పీట వేస్తాను, వచ్చి కూర్చోండి."

రాజుకు ఆ మాట సబబుగా తోచింది. "వెళ్లి చూసి రావయ్యా భట్టూ," అన్నాడు.

భట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. "ప్రభూ, ఎందుకైనా మంచిది, ముందు ఊరు ఖాళీ చేయిద్దాం."

రాజు సరేనన్నాడు. జనం పిల్లాజెల్లాతో గుట్టెక్కారు. రెండో రాయి వచ్చి ఖాళీ ఇళ్ల మీద పడింది.

ఇంతమంది ప్రాణాలు కాపాడిన ముందుచూపుకు రాజు భట్టుకు శాలువా కప్పాడు.

గుట్ట మీద ఆడవాళ్లు మాచమ్మ చేతులు పట్టుకుని, "మమ్మల్ని బతికించావు తల్లీ," అన్నారు.

"అయ్యవారిని ఆ పీట మాట నిన్ననే అడగాల్సింది," అంది మాచమ్మ. "నిన్న నేనూ ఆయన లెక్కను నమ్మాను."