పనస పలకలకి ఆవ పెట్టినవాళ్ళు

తాటిమడుగులో వడ్రంగం చేసే కనకాచారి, భద్రాచారి అనే అన్నదమ్ములకి తమ తెలివి మీద మహా గురి. "చెప్పిన మాట చెప్పినట్టు చేసేవాణ్ణి మించిన తెలివైనవాడు ఎవడున్నాడ్రా?" అనేవాడు అన్న. "మనిద్దరమే," అనేవాడు తమ్ముడు. ఉలి పట్టారంటే చేతులు బంగారం. చిక్కల్లా చెవులతోనే.

వాళ్ళ మేనమామ పోతులూరాచారి కూతురు మాణిక్యం పెళ్ళైన చాన్నాళ్ళకి నీళ్ళోసుకుంది. మనవరాలో మనవడో, ఉయ్యాల మాత్రం తన చేత్తోనే చెయ్యాలని ఆయన ఆశ. తీరా చూస్తే మణికట్టు విరిగి ఉలి పట్టు పోయింది. గత్యంతరం లేక మేనల్లుళ్ళకి పని అప్పజెప్పాడు.

పనస పలకల్ని వేలితో కొట్టి చూసి, "ఒరే, కర్ర ఇంకా పచ్చిగా ఉంది. ఇప్పుడే పని మొదలెట్టకండి," అన్నాడు.

అంతే! కనకాచారి భార్య నాంచారమ్మ పొయ్యి మీద గంగాళం ఎక్కించింది. పలకలు ఉడకేసి, పనసే కదా అని ఆవ పెట్టి, ఇంగువ పోపు కూడా వేసింది. భద్రాచారి ఓ మూల కొరికి, "ఉప్పు సరిపోయింది గానీ వదినా, ఇంకా పలుకుంది," అన్నాడు.

మామ వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "పచ్చి అంటే తడి ఆరలేదనిరా! ఇప్పుడు ఇంకా నీళ్ళు తాగింది. కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండ తగిలితే పగులుతుంది."

"ఎవరి నీడలో మామయ్యా?"

"ఎవరిదైతే ఏంట్రా, నీడ నీడే!"

ఇంకేముంది! పలకలు నడివాకిట్లో పరిచి, ఎండకి అడ్డంగా ఇద్దరూ నిలబడ్డారు. పొద్దుతో పాటు వాళ్ళూ తిరిగారు. మిట్టమధ్యాహ్నానికి నీడలు కాళ్ళ కిందికి ముడుచుకుపోయాయి. "అన్నయ్యా, నీడ అయిపోయింది!" అని భద్రాచారి ఏడుపు మొహం పెట్టాడు. "అయితే మనమే పడుకోవాలి," అని కనకాచారి పలకల మీద బోర్లా పడ్డాడు. సాయంత్రానికి వీపులు కమిలాయి, చెమటకి పలకలు మళ్ళీ నానాయి.

మామ వాటిని మోయించి పాకలో పెట్టించాడు. నెలలు గడిచి కర్ర ఆరింది. "ఈ పలకలో ముడి ఉంది, దాని సంగతి చూడండి," అన్నాడు. భద్రాచారి గోళ్ళతో లాగాడు, పళ్ళతో లాగాడు. ఓ పన్ను ఊడొచ్చింది. "ఎవడు వేశాడో గానీ, కొస దొరక్కుండా వేశాడు!"

చివరికి ఎలాగో ఉయ్యాల తయారైంది. తలవైపు రెండు చిలకల్ని చెక్కారు. ముక్కూ రెక్కా చూసి మామ కళ్ళు చెమర్చాయి.

బారసాల నాడు ఉయ్యాలని గొలుసులతో దూలానికి వేలాడదీసి, పాపని పడుకోబెట్టారు. మాణిక్యం అత్తగారు ముక్కున వేలేసుకుంది. "అబ్బ, ఈ చిలకలు ఇప్పుడే ఎగిరిపోయేలా ఉన్నాయే!"

అన్నదమ్ముల మొహాలు పాలిపోయాయి. ఎగిరితే ఉయ్యాలతో సహా ఎగురుతాయి. అందులో పసిబిడ్డ! పరుగున వెళ్ళి, మట్టినేలలో నాలుగు గుంజలు దిగ్గొట్టి, ఉయ్యాలని నాలుగు వైపులా మోకులతో బిగించేశారు.

జోలపాట మొదలైంది. మాణిక్యం ఊపింది. ఉయ్యాల కదల్లేదు. పాప కెవ్వుమంది.

"విప్పండిరా!" అని మామ గుడ్లురిమాడు.

"ప్రాణం పోయినా విప్పం మామయ్యా! బిడ్డ పైకెగిరిపోతే?"

"మరి ఉయ్యాల ఊగేదెలా?"

కనకాచారి కాసేపు ఆలోచించాడు. "అది ఊగకపోతే మనం ఊగుదాం. లోపలున్న పాపకి తేడా ఏం తెలుస్తుంది?"

అంతే! ఇద్దరూ చెరోవైపు నిలబడి అటూ ఇటూ ఊగడం మొదలెట్టారు. నాంచారమ్మా ఊగింది. పాడుతున్న ముత్తయిదువలూ ఊగారు. ఏడ్చి ఏడ్చి అలిసిన పాప కళ్ళు మూసింది.

భద్రాచారి హుషారెక్కి ఇంకా గట్టిగా ఊగాడు. కనకాచారి ఒక్కసారిగా అతని చెయ్యి పట్టుకు ఆపాడు. "మెల్లిగా ఊగరా! పాప కింద పడిపోతుంది!"