రత్నం దాచిన దగ్గు

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే మన ఊరంత కాదే కన్నా, పెద్ద పట్నం. ఒక పక్కన సముద్రం, ఇంకో పక్కన కొండలు. విశాఖపట్నం అంటారు దాన్ని. ఆ పట్నంలో, కెరటాల చప్పుడు వినపడేంత దగ్గరలో, ఒక మేడ మీద వాటాలో నూకరత్నం అని ఒక పిల్ల ఉండేది. నీ ఈడుదే. ఇంట్లో అందరూ రత్నం అనేవారు.

రత్నానికి అన్నీ బాగానే ఉండేవి, ఊపిరి ఒక్కటే మాట వినేది కాదు. చలికాలం మొదలైతే చాలు, దగ్గు వచ్చేది. దగ్గు వెనకాలే ఆయాసం వచ్చేది. గుండెల్లో ఎవరో పిల్లిపిల్లని దాచిపెట్టినట్టు గుర్రుగుర్రుమనేది.

అందుకని వాళ్ళమ్మ వరహాలమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. కొండ మీద మొదటి మంచు కనపడిన రోజున సముద్రం వైపు తలుపు మూసేసేది. సందుల్లో పాత చీర ముక్కలు కుక్కేది. ఆ తర్వాత రత్నానికి బడి, ఇల్లు, అంతే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాకే ఆ తలుపు మళ్ళీ తెరుచుకునేది.

పాపం, పిల్ల కదా! అందుకే తలుపు పడేలోగా ఏటా మూడు చోట్లకి తిప్పేవారు. మొదట సముద్రం ఒడ్డుకి. ఆ తర్వాత కొండ మీద పిల్లల రైలుకి. ఆ తర్వాత కార్తీకమాసంలో, భీమిలి దగ్గర వనభోజనాలకి. అక్కడ ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోటు దాకా పడవలో తీసుకెళ్తారు. తియ్యనీళ్ళూ ఉప్పునీళ్ళూ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే పడవ ఉయ్యాలలా ఊగుతుందట.

'ఊగుతుందట' అన్నానేం? రత్నం అది చూడలేదు మరి. అంతకుముందు మరీ చిన్నదని పడవ ఎక్కించలేదు. కిందటేడు మంచు ముందే వచ్చేసింది. పడవ ఎక్కకుండానే తలుపు పడిపోయింది. ఈ ఏడైనా ఎక్కాలని దానికి ఒకటే ఆశ.

దీపావళి వెళ్ళింది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసొచ్చారు. ఆ మర్నాడు పొద్దున్న మొహం కడుక్కుంటుంటే రత్నానికి గొంతులో ఈక పెట్టి కదిపినట్టయింది. సన్నటి దగ్గు. పంపు నీళ్ళ చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

అప్పుడే వంటింట్లోంచి వాళ్ళమ్మ కేకేసింది. "ఒలే రత్తం, నీళ్ళతో ఆటలాడకు. ఒక్క దగ్గు వినపడిందంటే మంచు దాకా ఆగను సుమా, ఇయ్యాలే తలుపు మూసేస్తాను!"

రత్నం నోరు గట్టిగా మూసుకుంది. దగ్గితే తలుపు. తలుపు పడితే పడవ లేదు. అప్పుడు దానికి ఒక ఉపాయం తోచింది. చప్పుడున్న చోట దగ్గితే ఎవరికి తెలుస్తుంది?

ఆదివారం సాయంత్రం అందరూ సముద్రం ఒడ్డుకి వెళ్ళారు. అమ్మా, నాన్న సింహాద్రీ, నాన్నకి అక్క పైడితల్లి అత్తా, అత్త కొడుకు గవర్రాజు బావా. ముంత మసాలా తిన్నారు. ఇసకలో కాళ్ళు పూడ్చుకున్నారు. రత్నం మాత్రం కెరటాలకేసే చూస్తూ కూర్చుంది. కెరటం లేచి, విరిగి, భళ్ళుమన్నప్పుడు దగ్గేది. కెరటం వెనక్కి పోతుంటే బిగబట్టుకునేది.

"ఏటే, అల పోయినప్పుడల్లా నోరు మూసుకుంటున్నావు? సముద్రం నీ చెవిలో గుట్టు చెప్పిందేటి?" అన్నాడు గవర్రాజు.

"ఉప్పునీళ్ళు పడతాయని," అంది రత్నం.

"ఇంత దూరానికా! సముద్రానికి నీ నోరే దొరికిందా?" అని నవ్వాడు వాడు. అందరూ నవ్వారు. రత్నం కూడా నవ్వబోయి, నవ్వితే దగ్గు వస్తుందని మానేసింది.

ఆ తర్వాత వారం కొండ మీదకి వెళ్ళారు. అక్కడ పిల్లల రైలు కొండంతా చుట్టి తిరుగుతుంది. కింద సముద్రం నీలం చీర ఆరేసినట్టు కనపడుతుంది. రత్నం కిటికీ పక్కన కూర్చుంది గానీ సముద్రం చూడలేదు. రైలు కూత ఎప్పుడేస్తుందా అని చెవులు రిక్కించుకుని కూర్చుంది. కూత వేసింది, దగ్గింది. మళ్ళీ వేసింది, మళ్ళీ దగ్గింది. మూడోసారి కూత ఆగిపోయాక కూడా దగ్గు ఆగలేదు.

వాళ్ళమ్మ గబుక్కున వెనక్కి తిరిగింది. "ఏటయింది?"

"ముంత మసాలా కారం!" అంది రత్నం, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ.

"ఇయ్యాల ముంత మసాలా తిన్లేదు కదే, ఐస్‌క్రీమే కదా తిన్నావు?"

"పోయిన వారందే... ఇంకా ఉంది."

అత్త పడీ పడీ నవ్వింది. "కారం వారం దాకా దాచుకునే పిల్లని ఇప్పుడే చూస్తన్నాను వరాలూ!" అంది. నవ్వుల్లో ఆ మాట కొట్టుకుపోయింది. కానీ రత్నానికి నవ్వు రాలేదు. రాత్రి అన్నం సహించలేదు. చూశావా కన్నా, సరదాకని వెళ్ళిన చోట సరదా మొత్తం కాపలాకే సరిపోయింది. దొంగ సొమ్ము దాచుకున్నవాడికి నిద్ర ఎక్కడుంటుంది?

ఆ తర్వాత వనభోజనాల రోజు రానే వచ్చింది. పొద్దున్నే మంచు లేదు. రత్నం కిటికీలోంచి కొండకేసి చూసి దణ్ణం పెట్టుకుంది. అందరూ వ్యాను ఎక్కి భీమిలి వెళ్ళారు. ఏటి ఒడ్డున తోటలో ఉసిరిచెట్టు కింద చాపలు పరిచారు. దీపం పెట్టి, చెట్టుకి దణ్ణం పెట్టుకున్నారు. ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూ కూరలు తరిగారు. మగవాళ్ళు పొయ్యి రాజేశారు.

సరుగుడు కట్టెలు పచ్చిగా ఉన్నాయేమో, పొయ్యి రాజుకోలేదు గానీ పొగ మాత్రం దండిగా లేచింది. నాన్న దగ్గాడు. అత్త దగ్గింది. బావ దగ్గాడు. అప్పుడు రత్నం ఏం చేసిందో తెలుసా? పొగలోకి పోయి నిలబడింది! ఇక్కడైతే అందరూ దగ్గుతున్నారు, నా దగ్గు ఎవరు పట్టించుకుంటారు అనుకుంది. తనివితీరా దగ్గింది. పిచ్చిపిల్ల. దగ్గు దాచుకోడానికి దగ్గుని పెంచే చోటికే వెళ్ళింది.

పులిహోర, గుమ్మడికాయ పులుసు, పరమాన్నం అన్నీ అయ్యాయి. ఎండ పలచబడింది. ఏటి మీంచి చల్లగాలి మొదలైంది. అప్పుడు పడవవాడు రేవులోంచి పిలిచాడు. "ఎక్కండమ్మా, ఎక్కండి! పోటు తీసి నీళ్ళు తగ్గాయంటే పడవ కదలదు. ఇదే ఆఖరు!"

పిల్లలంతా పరిగెత్తారు. రత్నం పరిగెత్తలేకపోయింది. నడిచింది. గుండెల్లో పిల్లిపిల్ల మేలుకుంది. గాలి లోపలికి పోతోంది గానీ చాలినంత పోవడం లేదు. అయినా పడవ దగ్గరకి చేరింది. గట్టుకి వాల్చిన పలక మీద ఒక కాలు పెట్టింది.

వెనకాల అత్త అంటోంది. "వరాలూ, పిల్ల పీల్చే మందు సంచిలో పెట్టావా?"

అమ్మ చెప్పింది. "లేదు వదినా. ఈ ఏడు మా పిల్ల ఒక్క దగ్గూ దగ్గలేదు. ఇంకెందుకులే అని ఇంటికాడే ఉంచేశాను."

ఆ మాట రత్నం చెవిన పడింది. మందు లేదు. లేకపోవడం అమ్మ తప్పు కాదు. ఒక్క దగ్గూ వినపడనివ్వకుండా అమ్మని నమ్మించింది ఎవరు? తనే.

పడవలోంచి బావ చెయ్యి చాపాడు. "రావే, రా! ఎంతసేపు?"

చెయ్యి అందుకుంటే పడవ. ఏటి నడిమధ్యన ఊపిరి ఆడకపోతే? అక్కడ మందు ఎవరు తెస్తారు? కానీ ఇప్పుడు చెప్తే పడవ పోతుంది. పడవే కాదు, తలుపు కూడా ఇవాళే పడిపోతుంది. ఒక కాలు పలక మీద, ఒక కాలు గట్టు మీద. రత్నం కదలలేదు.

"పాపా, ఎక్కుతావా లేదా?" అన్నాడు పడవవాడు.

అప్పుడు రత్నం పలక మీది కాలు వెనక్కి తీసేసింది. తిరిగి వచ్చి అమ్మ కొంగు పట్టుకుంది. "అమ్మా... ఆయాసం... చాలా రోజుల నించి... దాచాను," అంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంది.

వరహాలమ్మ మొహం తెల్లబోయింది. తిట్టలేదు. తిట్టే వేళ కాదది. నాన్న పిల్లని భుజాన వేసుకుని రోడ్డు మీదకి పరిగెత్తాడు. వ్యాను ఇంకా తిరిగి రాలేదు, ఆటో ఆపారు. ఆటోలో అమ్మ దాన్ని నిటారుగా కూర్చోబెట్టింది. "నాతోపాటు, తల్లీ... ఊపిరి నెమ్మదిగా వదులు... నెమ్మదిగా," అంటూ వీపు రాస్తూనే ఉంది. దారి పొడవునా నాన్న "ఇంకెంత దూరం బాబూ, ఇంకెంత దూరం?" అని అడుగుతూనే ఉన్నాడు. రత్నం పెదాలు నీలంగా మారాయి.

ఆసుపత్రిలో ముక్కుకీ నోటికీ ముసుగులాంటిది పెట్టి మందు పొగ పట్టారు. ఒకసారి పట్టారు. తగ్గలేదు. రెండోసారి పట్టారు. కాస్త తగ్గింది. మూడోసారికి పిల్లిపిల్ల ముడుచుకుని పడుకుంది. రత్నం పెదాలకి మళ్ళీ రంగు వచ్చింది.

అమ్మయ్య అనుకున్నావా? నేనూ అనుకున్నాను.

పడవ ఎక్కిందా అంటావా? లేదు కన్నా, ఆ ఏడు ఎక్కలేదు. ఇంటికి వచ్చాక దానికోసం ఏడ్చింది కూడా. బావ వచ్చి "ఏం లేదే, పడవ ఉత్తినే ఊగింది, నేను కక్కుకున్నాను," అని చెప్పినా ఏడుపు ఆపలేదు.

మూడు రోజులకి కొండ మీద మంచు దిగింది. రత్నం మంచం మీద కూర్చుని తలుపుకేసి చూస్తోంది. వాళ్ళమ్మ లేచింది. తలుపు దగ్గరికి వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసింది. కానీ సందుల్లో కుక్కడానికి పాత చీర ముక్కలు బయటికి తియ్యలేదు.

"ఇన్నేళ్ళూ ఈ తలుపు ఎందుకు మూసేదాన్నో తెలుసా? నీ దగ్గు నాకు తెలీకుండా వచ్చేస్తాదని భయం," అంది. "ఆ భయంతోనే నిన్ను భయపెట్టాను. నువ్వు దాచుకున్నావు. ఇకమీదట ఎండెక్కాక తలుపు తీస్తాను, పొద్దు వాలేలోగా మూస్తాను. మందు నీ సంచిలోనే ఉంటాది. చెప్పే పిల్లని ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు. మరి చెప్తావా?"

"చెప్తానమ్మా."

తలుపు బార్లా తెరుచుకుంది. ఎండా, సముద్రం గాలీ కలిసి గదిలోకి వచ్చాయి. రత్నం గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. ఎంత బాగుందో! అంతలోనే గొంతులో ఈక కదిలింది. నోరు మూసుకోబోయింది. మూసుకోలేదు.

"అమ్మా," అంది, "ఇప్పుడు కొంచెం గుర్రుమంటోందే."

వరహాలమ్మ మందు తెచ్చి పీల్పించింది. చెవులకి గుడ్డ చుట్టింది. పక్కనే పీట వేసుకుని కూర్చుంది. తలుపు మాత్రం తీసే ఉంచింది.

కథ వెళ్ళెను కంచికి,
కెరటం వెళ్ళెను గట్టుకి,
పడవ వెళ్ళెను రేవుకి,
మనం వెళ్దాం ఇంటికి,
ఇంట్లోంచి మంచానికి,
మంచంలోంచి నిద్దరకి!