నీటిపిల్లి ఫోన్‌కి బీమా

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. మీరు నమ్మండి, నమ్మకపోండి, ఆ అడవిలోకి కూడా సెల్‌ఫోన్లు వచ్చేశాయి.

ఆ అడవి వాగులో బుంగి అనే నీటిపిల్లి ఉండేది. దాని చెల్లెలు ఆనకట్టకి అవతల కాపురం ఉంటోంది. చెల్లెలు కడుపుతో ఉందని కబురు అందినప్పటి నుంచి బుంగికి కాలు నిలవలేదు. ఆనకట్ట దాటి వెళ్లే దారి లేదు. పుట్టబోయే పిల్లల్ని ఫోన్లోనైనా చూసుకోవాలి కదా. అందుకని గంపెడు చేపలు ఎండబెట్టి, ఎత్తుకుని, ముంగిస ఫోన్ల కొట్టుకి పరుగెత్తింది.

కొత్త ఫోన్ చేతికి రాగానే బుంగి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అప్పుడు ముంగిస ఒక కాగితం తీశాడు. నెలకి మూడు చేపలు కడితే బీమా అట. ఫోన్ పాడైతే కొట్టువాళ్లే బాగుచేసి ఇస్తారట. అక్కడే ఉన్న కోతి మామ వెంటనే అందుకున్నాడు. తన ఫోన్ చెట్టు మీంచి మూడుసార్లు పడిందనీ, మూడుసార్లూ ఊరికే బాగుచేసి ఇచ్చారనీ ఊదరగొట్టాడు.

ఇంత మంచి బేరం వదులుకుంటానా అనుకుని బుంగి కాగితం మీద పాదముద్ర వేయబోయింది. పక్కనే కూర్చున్న తాబేలు తాత గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, కోతి ఉండేది కొమ్మల మీద. మరి నువ్వుండేది ఎక్కడ?" అన్నాడు.

బుంగి పాదం గాల్లోనే ఆగిపోయింది.

"ముంగిస అన్నా, ఫోన్ నీళ్లలో పడితే?" అని అడిగింది.

"కింద పడితే ఉంది, పగిలితే ఉంది. నీళ్లలో పడితే మాత్రం ఇందులో లేదమ్మా" అన్నాడు ముంగిస. అబద్ధం చెప్పలేదు పాపం. అడిగింది కాబట్టి చెప్పాడు, అడక్కపోతే చెప్పేవాడు కాడు.

బుంగి కాగితం వెనక్కి ఇచ్చేసింది. అలాగని ఊరుకోలేదు. నెలనెలా ఆ మూడు చేపలూ విడిగా ఎండబెట్టి రాతి సందులో దాచింది. ఒకసారి ఆకలికి ఆగలేక ఒకటి కొరికేసింది కూడా. తర్వాత సిగ్గుపడి, దాని చోట ఇంకోటి పెట్టింది. కోతి మామ చూసి పకపకా నవ్వేవాడు.

నాలుగో నెలలో ఒక ఉదయం ఫోన్ మోగింది. నొప్పులు మొదలయ్యాయనీ, సాయంత్రానికి పిల్లల్ని చూపిస్తాననీ చెల్లెలు చెప్పింది. బుంగికి ఒళ్లు తెలియలేదు. నీటిపిల్లికి సంతోషమొస్తే ఏం చేస్తుంది? గబుక్కున నీళ్లలోకి దూకుతుంది. బుంగి కూడా దూకింది, ఫోన్‌తో సహా.

పైకి తేలి చూసుకుంటే తెర నల్లగా అయిపోయింది. ఇన్నాళ్లూ ఎదురుచూసిన రోజు ఇదే కదా, బుంగికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే రాతి సందులోని చేపలన్నీ లాగి, మూటకట్టి, ముంగిస కొట్టుకి ఒకటే పరుగు. ముంగిస మూట చూసి, సరిపోతాయన్నాడు. ఫోన్ విప్పాడు, తుడిచాడు, ఎండలో ఆరబెట్టాడు, లోపల ఏదో ముక్క మార్చాడు. అంతసేపూ బుంగి కొట్టు చుట్టూ తిరుగుతూనే ఉంది.

పొద్దు వాలుతుండగా తెర వెలిగింది. వెలిగీ వెలగగానే మోగింది. తెర నిండా నాలుగు బుల్లి మూతులు. కళ్లయినా తెరవలేదు, అప్పుడే ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి.

"పెద్దమ్మా అనడం ఇంకా రాదక్కా వీళ్లకి" అంది చెల్లెలు అలసటగా నవ్వుతూ.

"రోజూ ఫోన్ చేసి నేను నేర్పుతాగా" అంది బుంగి.

నీతి: పక్కవాడికి పనికొచ్చిన బీమా మనకీ పనికొస్తుందని లేదు. మనకి రాగల ఆపద ఏదో, దానికి అందులో చోటుందో లేదో అడిగి తెలుసుకున్నాకే ముద్ర వేయాలి.